మొటిమలకు కొట్టిన మందు

పత్తిలో పచ్చపురుగు ఏ మందుకూ చావని ఏడాది అది. పురుగుమందుల కంపెనీలో సేల్స్ ఉద్యోగానికి బ్రాడీపేటలో ఇంటర్వ్యూ అనగానే యలమందకు తన డిగ్రీ గుర్తుకు రాలేదు, మొహం గుర్తుకొచ్చింది. బుగ్గల నిండా మొటిమలే. సొంత మొహాన్నే బాగుచేసుకోలేనివాడు చేలో పురుగును చంపుతానంటే ఎవడు నమ్ముతాడు? అందుకని జుట్టు నుదుటి మీదికి దువ్వుకుని, దవడకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, పంటినొప్పి ఉన్నవాడిలా లోపలికి వెళ్ళాడు.

మేనేజరు ఫైలు తెరవనైనా లేదు. "ఆ రుమాలు తియ్యవయ్యా. వాటికేం మందు కొట్టావు?" అన్నాడు, పత్తి చేను గట్టు మీద నిలబడి అడిగినట్టు.

ఊళ్ళో రోజూ వినే ప్రశ్నే కావడంతో యలమందకు బెరుకు పోయింది.

"మొదట తెల్ల ట్యూబు వాడానండి, తగ్గలేదు. షాపాయన పసుపచ్చది ఇచ్చాడు, ఇంకా పెరిగాయి. రెండూ కలిపి కొట్టమన్నాడు, కొట్టానండి."

"తగ్గాయా?"

"లేదండి. కొత్త మందేదో వచ్చిందంట, సాయంత్రం వెళ్ళి తెచ్చుకోవాలి."

"మళ్ళీ ఆ షాపులోనేనా?"

"ఆయనైతే మనకు తెలిసినాయన కదండీ."

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలి, పక్కనున్నాయన వైపు తిరిగాడు. "రైతు మనసు ఇంత బాగా తెలిసినవాడు మనకెక్కడ దొరుకుతాడయ్యా? సోమవారం నుంచి రమ్మను."

ఉద్యోగం వచ్చిన సంతోషంలో యలమంద ఆ సాయంత్రం ఒకటికి రెండు ట్యూబులు కొన్నాడు.