జంట సైకిలుకు టైర్లు

జంట సైకిలును షెడ్డులోకి తోసేసరికి లయల్ మోకాళ్ళు మాట వినడం మానేశాయి. తమ ఊరు నాటిముక్ నుంచి ఎడెన్‌హోప్ ఊరి దాకా పోయి రావడం, అదీ సగం దారి ఎదురుగాలిలో. అరవై దాటాక ఇదంతా అవసరమా అని ఎవరైనా అడిగితే మొగుడూ పెళ్ళాలిద్దరూ కలిసి పోట్లాటకొస్తారు. అలాంటి మనుషులు.

ముందు సీటు లయల్‌ది, వెనక సీటు నొరీన్‌ది. పెళ్ళైన కొత్తలో సైకిలు కొన్నప్పటి నుంచీ అంతే. వెనక కూర్చున్న మనిషికి రోడ్డు కనబడదు. అందుకని ముందువాడు "గొయ్యి!" అని అరవాలి, వెనకావిడ సీటు మీంచి కాస్త లేవాలి. ఇవాళ వంతెన అంచు దగ్గర లయల్ అరవలేదు. వెనక టైరు గోతిలో ఢామ్మని పడింది, నొరీన్ నడుము కలుక్కుమంది.

"తప్పంతా టైరుదే," అన్నాడు లయల్, చక్రం ఊడదీస్తూ. "కంకర తేలిన మన రోడ్ల మీద ఈ సన్న టైర్లేమిటి, చోద్యం కాకపోతే! ఈసారి వెడల్పువి వేద్దాం. గాలి కొంచెం తక్కువ కొట్టుకోవచ్చు. దెబ్బ టైరే తింటుంది, మనదాకా రాదు."

నొరీన్ తిరగేసిన బకెట్టు మీద కూలబడి నడుము పట్టుకుంది. "పోయినేడు సైకిలు యాత్రలో ఏమైందో మర్చిపోయావా? పన్నెండు వందల కిలోమీటర్లు చచ్చీ చెడీ తొక్కి ఆఖరి మజిలీ చేరేసరికి, గడువు దాటిందని, కార్డు మీద ముద్ర వేసే వాళ్ళు టేబుల్ మడిచేశారు. సన్న టైర్లతోనే అంత ఆలస్యమైతే, ట్రాక్టర్ టైర్లలాంటి వాటితో ఎప్పటికి చేరతాం? వచ్చే క్రిస్మస్‌కా?"

"వెడల్పైనంత మాత్రాన నెమ్మదిగా పోదే. గరుకు రోడ్డు మీద ఇంకా సాఫీగా పోతుంది."

"ఆహా. పోయినేడు ఇదే షెడ్డులో సన్నదే గాలిలా పోతుందన్నావు. నోరా, గాలిమరా?"

లయల్ పాత టైరు లాగి పక్కన పడేశాడు. అసలు సంగతి టైరు కాదు. హోర్షమ్ పట్నంలో కళ్ళ డాక్టరు చెప్పి నెలలు గడిచాయి. చూపు నడి మధ్యలో మచ్చ పడింది, అది పెరుగుతుంది తప్ప తగ్గదు. ఆ మాట నొరీన్‌తో అంటే జంట సైకిలు ఆ రోజుతో సరి. అదే పోతే ఇంట్లో ఇద్దరూ ఏం మాట్లాడుకుంటారో అతనికి తెలీదు. పిల్లలు లేరు, చుట్టాలు తక్కువ, ఉన్న కబుర్లన్నీ సైకిలు మీదవే. కనబడని గోతుల్ని వెడల్పు టైర్లు మింగేస్తే ఈ ఒక్క ఏడూ ఎలాగో గట్టెక్కిపోవచ్చు. పాపం, అతని ఆశంతా ఆ రబ్బరు మీదే.

"నీ చేతుల కోసమే చెబుతున్నా," అన్నాడు. "వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని గొణుగుతుంటావుగా."

నొరీన్ ఫ్లాస్కులో మిగిలిన టీ మూతలో పోసి అతని చేతికిచ్చింది.

"పొద్దున మిట్రే ఊరు దాటాక గొయ్యి అని అరిచావు," అంది. "లేచాను. ఏమీ లేదక్కడ. చెట్టు నీడ, అంతే. నీడలకి అరుస్తున్నావు, గోతులకి అరవట్లేదు. నాకు తెలీదనుకున్నావా, మహానుభావా?"

లయల్ టీ మూత నేల మీద పెట్టేశాడు. "ఎప్పట్నుంచి?"

"పోయిన ఎండాకాలం నించి."

"తెలిసీ నా వెనక ఎందుకెక్కావే?" అన్నాడు.

"ఇవాళ చెప్తాడులే అని ఎక్కేదాన్ని. పోన్లే, బతికే ఉన్నాంగా అని దిగేదాన్ని. అడిగితే నువ్వు సైకిలు మానేస్తావేమోనని నోరు మూసుకున్నా. నీకొక్కడికేనా అది కావాల్సింది?"

లయల్‌కి సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. ఎండాకాలమంతా, చలికాలమంతా, తన వెనక కళ్ళు మూసుకుని కూర్చున్నంత పని చేసింది ఈ మనిషి. ఆమె నడుం విరిగి ఉంటే? కన్నీళ్ళొస్తే తుడుచుకోలేదు. తుడుచుకోవాలంటే చేతులనిండా మసి.

"వెడల్పువే వెయ్యి," అంది నొరీన్, బకెట్టు మీంచి మూలుగుతూ లేచి. "ముందు నేను కూర్చుంటా. పొడుగులో నీకేం తీసిపోను. కాకపోతే నాకు రోడ్డు చూసి తోలే అలవాటు లేదు, కనబడ్డ ప్రతి గోతిలోనూ దింపుతా. టేబుల్ మడిచేస్తే మడిచేసుకోనీ."

లయల్ ముందే కొనిపెట్టిన వెడల్పు టైరును ఇద్దరూ కలిసి చక్రం మీదికి ఎక్కించారు. బిగువుగా ఉంది, బొటనవేళ్ళు నొప్పెట్టాయి. లయల్ వెనక సీటు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, ఎక్కలేదు.

"భయంగా ఉంది నొరీన్," అన్నాడు. "అక్కడ కూర్చోవాలంటే."

"ఉంటుంది," అంది ఆమె, చేతులు గుడ్డతో తుడుచుకుంటూ. "నాకు ఎండాకాలం నించీ ఉంది."