సిగ్నె గీసిన చదరం

రీబె పట్టణంలో సిగ్నె రాళ్లు పరవని వీధి లేదు. పందొమ్మిదేళ్లుగా అదే పని. నలభై రెండో ఏట మోకాళ్లు మొరాయించాయి. ఇక వంగితే లేవడం కష్టమన్నాడు డాక్టరు. కూర్చుని చేసే పని కావాలి కనుక, కట్టడాల ప్లాన్లు గీసే కోర్సులో చేరాలనుకుంది. దానికి లెక్కల పరీక్ష పాసవ్వాలి. పెద్దవాళ్ల సాయంకాలం బడిలో చదివి రెండుసార్లు మౌఖిక పరీక్షకు వెళ్లింది. రెండుసార్లూ తప్పింది. కోర్సు ఆగస్టులో మొదలవుతుంది కనుక ఈ మూడోదే ఆఖరు.

జూన్‌లో ఒక పొద్దున, ఇన్నేళ్లూ ఆమె పక్కనే రాళ్లు పరిచిన ప్రీబెన్ తన వ్యానులో ఆమెను తీసుకొచ్చి పరీక్ష జరిగే బడి ముందు దింపాడు.

"ఇంజినీరమ్మా, కళ్లు తిరిగితే లోపల గచ్చు మీదే పడు. ఈ వాకిట్లో రాళ్ల మీద పడ్డావంటే మళ్లీ నేనే సర్దాలి."

"నోరు ముయ్యి ప్రీబెన్."

లోపల బల్ల మీద పరీక్షాంశాల చీటీలు బోర్లించి ఉన్నాయి. సిగ్నె ఒకటి తీసింది. వర్గ సమీకరణాలు. పాఠాలు చెప్పిన హెల్లె ముఖం కూడా పాలిపోయింది. ఏడాదిగా సిగ్నెకు కొరుకుడు పడనిది అదొక్కటే అని ఆమెకు తెలుసు.

బయటినుంచి వచ్చిన పరీక్షకుడు తెల్లగడ్డం పెద్దమనిషి. బోర్డు మీద x² + 10x = 24 అని రాసి, "x ఎంతో చెప్పమ్మా" అన్నాడు.

సిగ్నె సుద్దముక్క పట్టుకుంది. ఫార్ములా వంద సార్లు రాసి బట్టీ పట్టింది. ఇప్పుడు ఒక్క ముక్కా గుర్తులేదు. మైనస్ ముందా, వర్గమూలం ముందా? కింద భాగహారం అంతటికా, సగానికేనా?

ఏదో ఒకటి చేయాలి కదా అని ఒక చదరం గీసింది. పక్కన, "ఇది x, ఇది x" అని రాసింది. ఇంకా పదింతల x కావాలి. అంటే చదరాన్ని ఆనుకుని పది రాళ్ల వెడల్పున పట్టీ. అలా ఒకే పక్క పరిస్తే పొడుగ్గా, వికారంగా ఉంటుంది. పనిలో అయితే ఏం చేసేది? పట్టీని సగానికి చేసి, ఐదు ఒక పక్క, ఐదు కింద పరిచేది. చేయి దానంతటదే గీసింది.

"మూలన ఖాళీ మిగిలిందండీ" అంది, ఎవరితోనో పని స్థలంలో మాట్లాడుతున్నట్టు. "ఐదుకి ఐదు, ఇరవై ఐదు రాళ్లు పడతాయి. మన దగ్గర ఇరవై నాలుగున్నాయి, ఇవీ కలిపితే నలభై తొమ్మిది. అప్పుడు పెద్ద చదరం నిండుతుంది. దాని వైపు ఏడు. అందులో ఐదు పోతే, x రెండు."

ఇంకో జవాబుందా అని పెద్దాయన అడిగాడు.

"రాళ్లతో అయితే లేదండి. కాగితం మీద ఉంది. మైనస్ ఏడుని మైనస్ ఏడుతో గుణించినా నలభై తొమ్మిదే కదా. అందులోంచి ఐదు తీసేస్తే మైనస్ పన్నెండు." సుద్దముక్క కింద పెట్టి, "ఫార్ములా మర్చిపోయానండి. అందుకే ఇలా దొంగదారి పట్టాను" అంది.

"దొంగదారి ఏంటమ్మా? ఆ ఫార్ములా పుట్టిందే ఈ దారిన!"

తర్వాత ఆమెను బయట కూర్చోమన్నారు. ఐదు నిమిషాలు. కారిడార్లో కుర్చీ అంచున కూర్చుని రెండు అరచేతులూ ప్యాంటుకి తుడుచుకుంటూనే ఉంది. హెల్లె తలుపు తీసింది. ఆమె కళ్లు చూడగానే సిగ్నెకు తెలిసిపోయింది.

"ఏడు మార్కులు! పాసవ్వడానికి రెండొస్తే చాలనుకున్నాం కదా, ఏడొచ్చింది!"

వాకిట్లో ప్రీబెన్ రొట్టెల సంచితో, వేడుకలకు పట్టుకునే చిన్న కాగితం జెండాతో నిలబడి ఉన్నాడు.

"ఎంతే?"

"ఏడు."

"పన్నెండుకి ఏడేనా? నేనైతే..."

"నువ్వయితే చీటీ కూడా తీయలేవు."

అతను పెద్దగా నవ్వాడు. సిగ్నె మెట్ల మీద కూలబడింది. నిన్న మధ్యాహ్నం నుంచీ తిండి సయించలేదని అప్పుడు గుర్తొచ్చింది. వెన్న రాసిన రొట్టె ఒకటి, రెండు, మూడోది కూడా తిన్నది. ప్రీబెన్ వెళ్దామా అన్నాడు. కాసేపుండు అంది. ఎండ వెచ్చగా ముఖం మీద పడుతోంది, ఎక్కడికీ వెళ్లే తొందర లేదు.