దుర్గాశ్రీ ఆవలింత

రాత్రి ఎనిమిదయ్యేసరికి దుర్గాశ్రీకి పెరుగన్నం పెట్టి, మూతి తుడిచి, వీధరుగు మీద మంచం వాల్చేవారు. పిల్లకి రెండున్నరేళ్లు. దాన్ని పడుకోబెట్టడం మాత్రం ఎవరి తరమూ కాలేదు. అది ఆవలిస్తే అది తప్ప మిగతా అందరూ నిద్రపోతారు మరి!

జోకొడుతున్న తల్లి విజయదుర్గ చెయ్యి గాల్లోనే ఆగిపోయేది. నాయనమ్మ రాజ్యం లాలి మొదలెట్టి, మొదటి ముక్క దగ్గరే గుర్రు పెట్టేది. తండ్రి నాగసతీష్ కొబ్బరికాయల రాశికి చేరబడి నిలబడే కునికేవాడు. రెండో ఆవలింతకి వీధికుక్కలు, మూడోదానికి కాలవ. అవునండీ, కాలవే! నీళ్లు ఆగిపోయి, మీద తేలే గుర్రపుడెక్క ఎక్కడిదక్కడ నిలిచిపోయేది. మలికిపురం నుంచి వచ్చే ఆటోవాళ్లు ముందే బళ్లు పక్కకి పెట్టేసుకుని, "పాప ఆవలించే వేళయ్యిందండీ" అనేవారు. "ఆయ్" అని జనం దిగి నడిచిపోయేవారు.

నిద్రపోయిన ఊరి మధ్య ఆ పసిది ఒక్కతీ మంచమ్మీద కూర్చుని ఉండేది. తెల్లారి అందరూ లేచాకే కళ్లు మూసేది.

రాజ్యం దిష్టి తగిలిందంది. ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఏం లాభం లేకపోయింది.

"చుట్టూ నలుగురం పడుకుంటే చూసి నేర్చుకుంటుందేమో అత్తయ్యగారూ" అంది విజయదుర్గ.

మేనత్తల్ని, పిన్నుల్ని పిలిపించేరు. చాపలు వరసగా పరిచేరు. ఒక్క ఆవలింతకి పదకొండుమందీ పడిపోయేరు. దుర్గాశ్రీ ఒక్కొక్కరి దగ్గరకీ వెళ్లి కుదిపింది. ఎవరూ లేవలేదు. ఎప్పుడూ నోరెత్తని పిల్ల ఆ రోజు వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆ ఏడుపు ఎదురింటి స్టెల్లా టీచరుగారికి వినపడింది. మూడేళ్లుగా ఆవిడ కంటికి కునుకు లేదు. భర్త శ్యామ్ బాబుగారు మంచాన పడ్డప్పుడు ఆవిడ నలభై రాత్రులు మేలుకుని, నలభై ఒకటో రాత్రి పావుగంట కునుకు తీసేరు. ఆ పావుగంటలోనే ఆయన వెళ్లిపోయేరు. అప్పట్నుంచి కళ్లు మూయాలంటేనే ఆవిడకి భయం. పాప ఆవలింత కూడా ఆవిడ్ని ఏమీ చెయ్యలేకపోయింది.

టీచరుగారు వీధి దాటి వచ్చేరు. దుర్గాశ్రీ ఆవిడ మొహంలోకి చూసి పెద్దగా ఆవలించింది. టీచరుగారు రెప్ప వాల్చలేదు. ఇంకోటి ఆవలించింది. ఊహూఁ.

"నువ్వు బజ్జోవా?" అని అడిగింది పాప.

"బజ్జోనమ్మా."

"అందలూ బజ్జున్నాలు. నేనొక్కత్తినే."

టీచరుగారు మంచమ్మీద కూర్చున్నారు. "నేనున్నాను కదా తల్లీ. నువ్వు బజ్జో, నేను చూస్తుంటాను" అన్నారు.

పాప ఆవిడ ఒళ్లో తల పెట్టి చిటికెన వేలు పట్టుకుంది. అంతే, నిద్రపోయింది.

కాలవ కదిలింది. కుక్కలు మొరిగేయి. పదకొండుమందీ లేచి కూర్చుని, రాత్రిపూట నిద్రపోతున్న పిల్లని మొదటిసారి చూసి, ఊపిరి బిగబట్టేరు. "అమ్మ నా తల్లే! ఎంత ముద్దొత్తందో!" అని రాజ్యం కళ్లొత్తుకుంది.

తెల్లారి పాపే ముందు లేచింది. టీచరుగారు అలాగే కూర్చుని ఉన్నారు, వేలు కూడా తీసుకోలేదు. పాప మంచమ్మీద నిలబడి, రెండు అరచేతులూ ఆవిడ కళ్ల మీద పెట్టింది.

"ఇంక నువ్వు బజ్జో. నేను చూత్తాను. ఎవ్వలూ వెల్లిపోలు."

మూడేళ్ల నిద్ర ఒక్కసారే వచ్చి మీద పడింది. ఆవిడ పక్కకి ఒరిగిపోయేరు.

ఆ రోజు ఆదివారం. చర్చి గంట కొట్టలేదు. పాస్టరు సాలమోనుగారు ఇంటింటికీ నడిచెళ్లి మెల్లిగా పిలిచేరు. నాగసతీష్ కాయ ఒలవలేదు. కాలవలో పోయే పడవవాడు ఇంజను ఆపి గెడ వేసుకుంటూ పోయేడు. పాపకి ఆవలింత వచ్చినప్పుడల్లా నోరు అరచేత్తో మూసుకుంది.

మంగళవారం పొద్దున్న టీచరుగారు ఉలిక్కిపడి కళ్లు తెరిచేరు. గబగబా చుట్టూ చూసేరు. విజయదుర్గ ముగ్గు పెడుతోంది, రాజ్యం బియ్యం ఏరుతోంది, నాగసతీష్ పళ్లు తోముకుంటున్నాడు. ఎర్రబడ్డ కళ్లతో దుర్గాశ్రీ ఆవిడ పక్కనే కూర్చుని ఉంది.

"ఎవ్వలూ వెల్లలేదు" అని చెప్పి, ఆవిడ ఒళ్లోకెక్కి పడుకుంది.