తాబేలు బొమ్మ దగ్గర

"ఊరికే పట్టుకుని వెనకాల నడిస్తే చాలు, మిగతా పనంతా అదే చేసుకుంటుంది" అన్నాడు సేయిగో, ఇంటి ముందు మంచును ఎత్తిపోసే మిషను కొన్న రోజున. ఆ మాట అని దాని వెనకాల సరిగ్గా పది నిమిషాలు నడిచాడు. ఆ తర్వాత ఆరేళ్లుగా నడుస్తున్నది అతని భార్య మికియె.

వాళ్ల ఊరు ఒబనజవాలో జనవరి నెలలో మంచు పడటం వార్త కాదు, పడకపోతే వార్త. తెల్లవారకముందే ఊరి మంచు బండి రోడ్డును శుభ్రం చేసుకుంటూ పోతుంది. పోతూ పోతూ ఆ మంచునంతా ఇళ్ల ముందు మోకాలెత్తు గట్టుగా పోసి మరీ పోతుంది. గడ్డకట్టిన ఆ గట్టును తీస్తేగానీ ఏ ఇంటి కారూ రోడ్డెక్కదు. అయిదింటికల్లా వీధి పొడుగునా మిషన్లు మోగుతాయి. వాటి వెనకాల ఉన్నవాళ్లలో సగం మంది ఆడవాళ్లే. మంచు కరిగాక పేట సమావేశంలో కూర్చుని "ఈ ఏడు మంచు మా నడుములు విరగ్గొట్టింది" అని చెప్పుకునేది మాత్రం మగవాళ్లు.

సేయిగోకి నిజంగానే నడుం నొప్పి. మిషను కొన్న నెలకే వచ్చింది, ఇంకా పోలేదు. చేపల కోసం ఏటి ఒడ్డున రోజంతా నిలబడినప్పుడు దాని జాడ ఉండదు. మికియె ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తితే మూడు రోజులు మాట్లాడడు, ఆ మూడు రోజులూ మాట్లాడకుండానే రెండోసారి అన్నానికి గిన్నె చాపుతాడు.

మిషను పిడి దగ్గర వేగం లివరు ఉంది. దానికి ఒక చివర కుందేలు బొమ్మ, రెండో చివర తాబేలు బొమ్మ. మికియె ఎప్పుడూ తాబేలు దగ్గరే పెట్టేది. అయినా మిషను ఆమెను ఈడ్చుకుపోయేది. కొన్న రోజున దుకాణంవాళ్లు సేయిగోను నాలుగడుగులు నడిపించి చూసి, ఆ అంగలకు సరిపడేలా బిగించి ఇచ్చారు. అతను ఆరడుగుల మనిషి, ఆమె అతని భుజం దాకా కూడా రాదు. ఆ తాబేలు అతని తాబేలు.

"మరీ జోరుగా పోతోందండీ" అని మొదటి ఏడాదే చెప్పి చూసింది.

"అది జోరు కాదు, నువ్వే మరీ నెమ్మది. దాన్ని కెలక్కు, పాడుచేస్తావ్."

పక్కనే ముల్లంగి తరుగుతున్న అత్తగారు తోయో అందుకుంది. "మా రోజుల్లో మిషన్లెక్కడివమ్మాయ్? మీ మామగారు గడ్డి బూట్లు తొడుక్కుని ముందు తొక్కుకుంటూ పోయేవారు. ఆయన అడుగుల గుంటల్లోనే నేను నడవాలి. గుంటకీ గుంటకీ మధ్య గెంతుకుంటూ పోయేదాన్ని, కడుపుతో ఉన్నప్పుడు కూడా." అది తనకు తగలాలని అన్న మాటే అనుకుంది మికియె. ఆ రోజు నుంచి నోరు కట్టేసుకుంది.

పిడి కింద క్లచ్చు ఉంటుంది. దాన్ని నొక్కి పట్టుకున్నంతసేపే మిషను కదులుతుంది, వదిలితే ఆగుతుంది. చలికి వేళ్లు కొంకర్లు పోతాయని ఆ వీధిలో చాలామంది దాన్ని తాడుతో కట్టేస్తారు. సేయిగో కూడా కట్టాడు. కట్టి, "నీకోసమే" అన్నాడు. ఆరేళ్లలో ఆ మిషను విషయంలో అతను ఆమెకోసం చేసిన పని అదొక్కటే.

పోయిన అక్టోబరు నుంచి ఆమె కుడి చెయ్యి చెవి దాటి పైకి లేవడం లేదు. ఈ చలికాలం కూడా ఇలాగే లాగించుకుంటే ఆ భుజం ఇక పనికి రాదని డాక్టరు తేల్చి చెప్పాడు. మికియె వృద్ధాశ్రమంలో ముసలివాళ్లకు స్నానాలు చేయిస్తుంది. భుజం పోతే ఆ ఉద్యోగం పోతుంది. అక్కడ ఆమెను పేరు పెట్టి పిలుస్తారు, నీళ్ల వేడి సరిపోయిందని దండం పెడతారు. ఇంట్లో ఆమె పేరు "ఏయ్". డాక్టరు మాట ఇంట్లో చెబితే "ఉద్యోగం మానెయ్" అంటారు గానీ, మిషను మానెయ్యమని ఎవరూ అనరు. అందుకే చెప్పలేదు.

శుక్రవారం పొద్దున కాలు జారింది. తాడు కట్టి ఉంది కాబట్టి మిషను ఆగలేదు. ఆమెను మంచులో వదిలేసి ముందుకు పోయి, పక్కింటి సుగావా బామ్మ పూలపొదలకు చలికాలం కోసం చుట్టిన గడ్డి తాళ్లను నమిలి, వాటిలో చిక్కుకుని ఆగింది. చప్పుడు విని సేయిగో రాత్రి బట్టల్లోనే పరుగెత్తుకొచ్చాడు. నడుం నొప్పి మనిషి అంత వేగంగా పరుగెత్తడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"మిషనుకేం కాలేదు కదా?"

కింద పడి ఉన్న ఆమెను దాటుకుంటూ వెళ్లి అడిగాడు ఆ మాట. మికియెకు ఏడుపు రాలేదు, కోపం కూడా వెంటనే రాలేదు. అలిసిపోయింది, అంతే. లేవాలి, బామ్మకు క్షమాపణ చెప్పుకోవాలి, ఆయన డబ్బాలో అన్నం సర్దాలి, ఏడింటి బస్సు అందుకోవాలి. ఇన్ని పనులు తల మీద ఉన్న మనిషికి మొహం మీద మంచు పడుతున్న ఆ నాలుగు క్షణాలే విశ్రాంతి అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే జాలేసింది.

ఆదివారం మెకానిక్ అబే వచ్చాడు. రాగానే క్లచ్చుకు కట్టిన తాడును కోసి పారేశాడు. "ఇలా కట్టే మా చుట్టాల్లో ఒకాయన కాలు పోగొట్టుకున్నాడు" అని చీవాట్లు పెట్టాడు. తర్వాత వేగం లివరు దగ్గర వంగి, "ఇది కూడా సరిచేస్తాను. దీన్ని నడిపేదెవరు?" అన్నాడు.

"నేనే" అన్నాడు సేయిగో, రెప్ప వాల్చకుండా.

టీ పళ్లెం పట్టుకుని నిలబడిన మికియెకు గొంతు దాకా వచ్చింది. ఒక్క మాట, "నేను". బయటికి రాలేదు. పరాయివాడి ముందు మొగుడి పరువు తీయకూడదన్న భయం ఆమె ఒంట్లో ఎముకల కంటే గట్టిగా ఉంది. కళ్లకు మాత్రం ఆ భయం లేదు. అవి అబే చేతుల్నే చూస్తూ ఉన్నాయి.

"చూశారా, ముందు ఈ వెనక నట్టు వదులు చెయ్యాలి. ఈ ముందుదాన్ని ఎడమకి తిప్పితే నెమ్మది, కుడికి తిప్పితే జోరు. మళ్లీ వెనకది బిగించెయ్యడమే. పది నంబరు పానా చాలు. ఇంజను ఆపి చెయ్యండి."

"ఆఁ, ఆఁ" అంటూ సేయిగో ఫోను చూసుకుంటున్నాడు. తోయో కిటికీ దగ్గర కూర్చుని ముల్లంగి తరుగుతోంది.

సోమవారం పొద్దున మికియె మిషనును కొట్టంలోంచి బయటికి తీయకముందే పానా తీసింది. వెనక నట్టు వదులు చేసింది. ముందుదాన్ని ఎడమకి ఒక చుట్టు, రెండు, మూడు. బిగించింది. ఇంజను వేసి, క్లచ్చు నొక్కి, ఒక అడుగు వేసింది. మిషను కూడా ఒక్క అడుగే వేసింది. చెయ్యి లాగలేదు. ఆరేళ్లలో మొదటిసారి ఆమె దాని వెనకాల పరుగెత్తకుండా నడిచింది. భుజం నొప్పి లేక కాదు, నొప్పితోనే నడవగలుగుతున్నందుకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఆ నడకతో ఎంత పని అవుతుందో అంతే అయింది. ఇంటి గుమ్మం నుంచి రోడ్డు దాకా మనిషి పట్టేంత దారి, తొంభై ఏళ్ల సుగావా బామ్మ గుమ్మం దాకా ఇంకో దారి. ఏడుకు పావుగంట ఉండగా ఇంజను ఆపేసింది. కారు ముందు గట్టు ఎక్కడిదక్కడే ఉంది.

"ఏయ్, ఇంకా కాలేదా?" సేయిగో గుమ్మంలోకి వచ్చాడు. "నేను ఆఫీసుకెళ్లొద్దా? చప్పుడు విన్నాను, నత్తలా పాకుతోంది అది. పాడుచేశావా?"

"పాడవలేదండీ. అది నా నడక." పానా తెచ్చి అతని చేతిలో పెట్టింది. "మూడు చుట్లు కుడికి తిప్పుకుంటే మీ నడక వస్తుంది. కారు తీసుకున్నాక మళ్లీ మూడు చుట్లు ఎడమకి తిప్పి పెట్టండి. రేపు పొద్దున నాకు కావాలి."

సేయిగో పానా వైపు చూశాడు, మిషను వైపు చూశాడు. "ఏ నట్టు?" అన్నాడు.

మికియె అలవాటు కొద్దీ చూపించడానికి మిషను వైపు తిరగబోయింది.

"నువ్వు వెళ్లమ్మాయ్, బస్సొస్తుంది" అంది తోయో. కొడుకును పక్కకు జరిపి, బూట్లు తొడుక్కుంటోంది. "ఏ నట్టో వాడికి నేను చూపిస్తాను."