మిగతా మాట

దుప్పటికి నాలుగు కొసలు. రెండు అతని చేతుల్లో, రెండు ఆవిడ చేతుల్లో. ఎడంగా జరిగి ఒక్క గుంజు గుంజితే గుడ్డ టప్‌మని మోగాలి, ముడతలు పోవాలి. తర్వాత ఇద్దరూ ఎదురెదురుగా నడిచొచ్చి కొసకు కొస కలపాలి. అతను తన కొసలు ఆవిడ వేళ్ల మధ్య పెట్టి, వంగి, కింద వేలాడే మడతను అందుకుంటాడు. మళ్లీ గుంజు, మళ్లీ నడక. ఆస్పత్రి నేలమాళిగలో ఉన్న ఆ లాండ్రీలో పొద్దున్నుంచి వాళ్లిద్దరి పనీ ఇదే. ఇందులో మాటతో పని లేదు. అందుకే అతనికి ఈ పనంటే ప్రాణం.

లాండ్రీలో అందరూ అతన్ని నిదానం అని పిలుస్తారు. నత్తి అంటే బాగుండదని ఎవరో మర్యాదస్తుడు పెట్టిన పేరు. పొడుగు మనిషి, ముందుకు వంగిన మెడ, ఆవిరికి ఎర్రబడి ఉండే ముంజేతులు. మాట్లాడాల్సి వస్తే ముందు కళ్లు మూసుకుపోతాయి, తర్వాత దవడ బిగుసుకుంటుంది, మెడ మీద నరాలు తేలతాయి. 'క' వచ్చే మాటైతే గొంతులో వెలక్కాయ పడ్డట్టే. కాఫీ ఎంతో ఇష్టమైనా ఇన్నేళ్లుగా క్యాంటీన్లో టీ అడిగి తాగుతున్నాడు. నోరున్నవాడిదే రాజ్యం అంటారు. నోరుండీ మాట పెగలనివాడికి నచ్చిన గ్లాసు కూడా దక్కదు. బళ్లో పాఠం చదివే వంతు వస్తే మేష్టారు జాలిపడి పక్కవాణ్ణి లేపేవారు. ఆ జాలితోనే చదువు ఆగిపోయింది. పెళ్లయ్యాక బయట మాట్లాడే పనంతా భార్య నెత్తిన వేసుకుంది. ఇద్దరి మాటలూ ఒక్కదాన్నే మాట్లాడి గొంతు అరిగిపోయిందని నలుగురిలో నవ్విస్తుంది. వాళ్లతోపాటు అతనూ నవ్వుతాడు.

దుప్పటికి అవతలి కొస పట్టేది అక్క. ఆవిడ వేరే దేశం మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది, నెరిసిన జుట్టును ఎప్పుడూ గుడ్డలో బిగించి కడుతుంది. ఇక్కడి భాషలో ఆవిడకు వచ్చినవి పట్టు, లాగు, చాలు లాంటి పని మాటలే. తమ్ముడు అన్న మాటను మాత్రం ఇతని కోసం నేర్చుకుంది. అతను మాట్లాడబోతే ఆవిడ తొందరపెట్టదు, మాట అందించదు, జాలిగా తల ఊపదు. దుప్పటి పట్టుకున్నట్టే నిలబడుతుంది, మాట పూర్తిగా వచ్చేదాకా. ఆవిడ ముందు మాత్రం 'అక్కా' అని చిన్న ఆగుడుతో అనేయగలడు. ఇంట్లో భార్య ముందు కూడా అంత తేలిగ్గా రాదు.

పోయిన వారం వాన రోజుల్లో వార్డుల నుంచి దుప్పట్ల కోసం ఒకటే ఫోన్లు. సూపర్‌వైజర్ పరుగున వచ్చి డ్రయ్యర్ ఆపి, బట్టలు తీసేయమన్నాడు. అక్క లోపల చెయ్యి పెట్టి చూసి తడి తడి అన్నట్టు వేళ్లు రుద్ది చూపించింది, తల అడ్డంగా ఊపింది. సూపర్‌వైజర్ వినలేదు. రెండు చేతులూ ఊపుతూ తీయమని గద్దించాడు. ఆ తడి దుప్పట్లు మడతల్లోనే ముక్కిపోయి, వార్డంతా కంపు కొట్టి, రోగుల బంధువులు గొడవ చేశారు. ఎవరో ఒకరి మీద పడాలి కదా, అక్క మీద పడింది. తప్పు ఒప్పుకుందా అని పైవాళ్లు అడిగితే సూపర్‌వైజర్ ఇబ్బందిగా నవ్వాడట. "అడిగాను సార్. ఏం మాట్లాడలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు కదా."

చూసినవాడు నిదానం ఒక్కడే. అక్క ఉద్యోగం పోతుందని తెలిసినప్పటి నుంచి అతనికి అన్నం సయించడం లేదు. రాసిద్దామంటే కాగితం ముందు చేరేది సూపర్‌వైజర్ చేతికే. నేనొచ్చి చెప్పనా అంది భార్య. ఇదొక్కటీ నేనే చెప్తానని చేత్తో సైగ చేశాడు. ఇవాళ మధ్యాహ్నం క్యాంటీన్లో మీటింగ్ ఉంది. 'ఇక్కడ అందరూ మనవాళ్లే. ధైర్యంగా మాట్లాడండి' అని గోడల మీద రంగు కాగితాలు అంటించారు. పై ఆఫీసు నుంచి మేడమ్ వస్తున్నారు. ఎవరైనా సరే మైకు పట్టుకుని మనసులో మాట చెప్పొచ్చు.

పొద్దున్నుంచి దుప్పట్లు మడుస్తూ వాక్యం తయారు చేసుకున్నాడు. రాని మాటలు ఏరి పారేసి, వచ్చే మాటలు పేర్చుకున్నాడు. దుప్పట్లు తడిగా ఉన్నాయని ముందే చెప్పింది, తీయమన్నది సూపర్‌వైజరే. అంతే. చెప్పింది ఎవరన్న దగ్గరే చిక్కంతా. 'ఆవిడ' అంటే సరిపోతుంది, నోటికి సుళువు కూడా. కానీ అంతమందిలో ఆవిడను పరాయిదాన్ని చేసి మాట్లాడటానికి మనసొప్పలేదు. అక్క అనే అనాలనుకున్నాడు. వాక్యంలో మొదటి మాటగా దాన్నే పెట్టుకున్నాడు.

మేడమ్ మంచి మనిషి. ఆ మాట చెప్పుకోవాలి. వంటవాళ్లతో, ఊడ్చేవాళ్లతో పేరుపేరునా మాట్లాడారు. నిదానం చెయ్యెత్తగానే ఆవిడే లేచొచ్చి మైకు అందించారు. అతను లేచాడు. కళ్లు మూసుకుపోయాయి.

"అ... అక్... అ..."

క్యాంటీన్లో గరిటె చప్పుడు కూడా ఆగిపోయింది. దవడ బిగిసింది. మెడ నరాలు తేలాయి. మాట అక్కడే, నాలుక వెనకే ఉంది. ఇంకొక్క క్షణం ఉంటే వచ్చేసేదేమో. ఈలోగా మేడమ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ చప్పట్లు కొట్టారు. అది చూసి హాలంతా కొట్టింది. సూపర్‌వైజర్ అందరికంటే గట్టిగా కొట్టాడు.

"ఇదీ ధైర్యమంటే" అన్నారు మేడమ్. "మీరింకేం చెప్పక్కర్లేదండీ. మాకు అర్థమైంది."

అతను తల అడ్డంగా ఊపాడు. వినయం అనుకుని ఇంకాస్త కొట్టారు. మైకు పక్కవాడి చేతికి వెళ్లిపోయింది. ఎవరో భుజం తట్టారు, ఎవరో ఫొటో తీశారు. కళ్లు తెరిచి చూస్తే చివరి బెంచీ మీద అక్క ఒక్కతే చప్పట్లు కొట్టడం లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, మిగతా మాట కోసం చూస్తోంది. అతనికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

మీటింగ్ అయ్యాక మేడమ్ వెంట కారు దాకా వెళ్లాడు. ఆవిడ అతని చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని ఊపి, మీలాంటివాళ్ల వల్లే మా అందరికీ ధైర్యం అన్నారు. దవడ ఇంకా వదలకముందే కారు కదిలింది.

సాయంత్రం లెక్క తేల్చి పంపేయడానికి అక్కను పైకి పిలిచారు. చాలాసేపటికి దిగి వచ్చింది. మొహంలో ఏమీ లేదు. బల్ల మీద మిగిలిన దుప్పట్ల గుట్ట చూసి, ఒకదాని కొసలు తీసి అతనికిచ్చింది.

"తమ్ముడూ, పట్టు."

గుట్ట అయిపోయేదాకా మడిచారు. ఆఖరి మడత పెట్టాక అతను నోరు తెరిచాడు. ఆవిడ ఎప్పటిలాగే ఆగింది. ఇవాళ ఆవిడ ముందు కూడా మాట రాలేదు. చాలాసేపు ఆగి, అతని మణికట్టు మీద చెయ్యి వేసింది.

"చాలు" అంది. సంచీ భుజాన వేసుకుని మెట్లెక్కి వెళ్లిపోయింది.

డ్రయ్యర్లు ఆగాక గది బోసిపోయింది. ఎవరూ లేని చోట అతనికి నత్తి ఉండదు. చిన్నప్పటి నుంచీ అంతే. "అక్క ముందే చెప్పింది, దుప్పట్లు తడిగా ఉన్నాయని. తీయమన్నది సూపర్‌వైజరే" అన్నాడు పైకి. ఒక్క అక్షరం తడబడలేదు. ఇంకోసారి అన్నాడు, ఇంకాస్త గట్టిగా. తర్వాత ఏడ్చాడు.

దీపం ఆర్పబోతూ చూస్తే, తడి నేల మీద నడవడానికి అక్క తొడుక్కునే రబ్బరు చెప్పులు బల్లకు అవతలి వైపు, అతను నిలబడే చోటుకు ఎదురుగా జతగా ఉన్నాయి.