కోటమ్మ నీడ ఇంకా ఆడుతోంది

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నేను తోడేసిన పాలు ఏడు జన్మల దాకా పెరుగు కాకుండుగాక! మెల్‌బోర్న్ చలిలో పెరుగు తోడుకోవడమంటే ఏమిటో తెలిసినవాళ్ళకి ఈ ఒట్టు బరువెంతో తెలుస్తుంది. అంకెలంటావా, అవి నా నోట్లో పడితే కాస్త ఒళ్ళు చేస్తాయి. అంతే.

మా టార్నీట్‌లో, ఈ సందు చివరింట్లో ఉండే కోటమ్మ పొద్దున్నే ఆరింటికి లేస్తుంది. కుంటికాలు ఈడ్చుకుంటూ ఎర్రమూత చెత్తడబ్బాని రోడ్డు మీదకి తోస్తుంది. మనవరాలు లాస్యకి ఉప్మా డబ్బాలో సర్దుతుంది. కూతురూ అల్లుడూ రైలెక్కి ఆఫీసులకి పోయాక పెరట్లో తీగ మీద బట్టలారేస్తుంది. ఆవిడ బట్టలారేస్తున్నంతసేపూ ఆవిడ నీడ కంచె మీద బాస్కెట్‌బాల్ ఆడుతూ ఉంటుంది.

కోటమ్మకి అరవై నాలుగు, నీడకి పంతొమ్మిది. కోటమ్మ జుట్టు ఇప్పుడు ఉసిరికాయంత ముడి. నీడకి మాత్రం నడుం దాటి రెండు జానలు వేలాడే జడ. నలభై ఐదేళ్ళుగా అదే ఆట ఆడుతోంది. కోటమ్మ పెళ్ళిపీటల మీద తల వంచుకుని కూచుంటే, నీడ పందిరంతా బంతి కొడుతూ తిరిగిందిట. పురోహితుడు అక్షింతల పళ్ళెం కాస్త పక్కకి జరిపి మంత్రం కానిచ్చాడు. ఇక్కడ ఉత్తరాలు తెచ్చే ఆవిడ కూడా, నీడ బంతి వేసేదాకా గుమ్మం ముందు ఆగి, తరవాతే అడుగు పెడుతుంది. పక్కింటివాళ్ళు కారు ఎడంగా పెట్టుకుంటారు. ఆడేవాళ్ళకి చోటు కావాలి కదా మరి.

ఆ ఆట సంగతి గుంటూరు జిల్లాలో తెలియని కాకి లేదు. ఆడకాలేజీల ఫైనల్సు. ఒకవైపు పట్నం కాలేజీ పిల్లలు. ఒక్కొక్కత్తీ కరెంటు స్తంభం, పూటకి డజను గుడ్లు మింగే రకం. తెల్ల బూట్లు, ఈలేసే కోచి, గ్లూకోజు నీళ్ళు కలపడానికి మనిషి. రెండోవైపు రేపల్లె దగ్గర ఓ చిన్న కాలేజీ నుంచి వచ్చిన ఐదుగురు. ఆరో పిల్ల లేదు. బూట్లు లేవు. హాస్టలు గోడకి అడుగూడిన బాల్చీ ఒకటి మేకులు కొట్టి, అందులో బంతి వేసి నేర్చుకున్నారు. ఇరుకు బాల్చీకి అలవాటు పడ్డ చేతులేమో, గుంటూరులో అసలు రింగు చూడగానే వాళ్ళకది పెళ్ళి గంగాళంలా కనిపించింది. వేస్తే పడింది, వేస్తే పడింది! ఆఖరి నిమిషానికి పట్నం వాళ్ళు ముప్ఫై, వీళ్ళు ఇరవై తొమ్మిది. బంతి కోటమ్మ చేతిలో ఉంది.

అప్పుడు పట్నం కెప్టెను ఉదయలక్ష్మి, రిఫరీ అటు తిరిగిన క్షణం చూసి, కోటమ్మ జడ పట్టుకుని వెనక్కి ఒక్క గుంజు గుంజింది. సిమెంటు నేల మీద మోకాలు పగిలిన చప్పుడు తెనాలి దాకా వినిపించింది. కోటమ్మ ఆ మోకాలి మీదే లేచి, వేసింది. పడింది. ముప్ఫై ఒకటి, ముప్ఫై! జనం కేకలకి బాపట్లలో కొబ్బరికాయలు రాలాయి. రేపల్లె రైలు గంటసేపు ఆగింది, డ్రైవరు కూడా దిగి చిందేశాడు.

గెలుపు మాట గెలుపే. కానీ స్టేటు క్యాంపు నుంచి కోటమ్మకి పిలుపొచ్చేనాటికి ఆవిడ కాలికి తొడ దాకా కట్టు. ఆ చోట్లోకి ఉదయలక్ష్మి వెళ్ళింది. ఆ మీద జట్టు, ఆ మీద రైల్వేలో ఉద్యోగం, ఏటా శాలువాలు. కోటమ్మ ఏడవలేదు. పగని ఊరగాయలా జాడీలో పెట్టి, వాసెన గట్టి, తడి తగలకుండా చూసుకుంది. పోన్లే, గెలిచింది మేమేగా అనుకుంది.

మొన్న మార్చిలో ఒకనాడు లాస్య ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. పదిహేనేళ్ళ పిల్ల. తనూ బాస్కెట్‌బాలే, క్లబ్బు జట్టులో బెంచీ మీద కూచునే బాపతు.

"అమ్మమ్మా, షి లెట్ యు విన్? నిజమా?"

"ఎవత్తే అంది?"

"సిడ్నీ ఆంటీ. వీడియోలో. షి ఫెల్ట్ సారీ ఫర్ యు అంట."

ఫోనులో ఉదయలక్ష్మి! సిడ్నీలో రౌస్ హిల్ అనే పేటలో కొడుకు జయంత్ దగ్గరుంటోంది. ఎవరో సీనియర్ల సభలో మైకు పట్టుకుని నవ్వుతూ చెబుతోంది: "పాపం, పల్లెటూరి పిల్లలు. కాళ్ళకి చెప్పులు కూడా లేవు. చూసి జాలేసి ఆఖరి బంతి నేనే వదిలేశాను."

కోటమ్మ చెయ్యి దోసెపిండిలో అలాగే ఉండిపోయింది. నీడ గోడ మీద ఆట ఆపింది. నలభై ఐదేళ్ళలో మొదటిసారి బంతి చంకన పెట్టుకుని కదలకుండా నిలబడింది.

"అబద్ధమే," అంది కోటమ్మ.

"ఓకే," అంది లాస్య. ఆ ఓకేలో నమ్మకం చిటికెడైనా లేదు. పిల్ల మెల్లగా తన గదిలోకి పోయింది. ఆ రోజు నుంచి ప్రాక్టీసుకి వెళ్ళేముందు అమ్మమ్మ చేత బంతి ముట్టించుకుని వెళ్ళడం మానేసింది. ఆ గెలుపు కూడా పోతే కోటమ్మకి మిగిలేది కుంటికాలొక్కటే, అమ్మాయ్.

దేవుడున్నాడో లేడో గాని కనకరాజు ఉన్నాడు. మన తెలుగు సంఘం కార్యదర్శి. ఉగాది వెళ్ళిన శనివారం ఆడపిల్లల టోర్నమెంటు పెట్టి, కప్పు ఇవ్వడానికి ముఖ్య అతిథిగా ఎవర్ని పిలిచాడనుకున్నావు? ఆవిడనే! కబురు తెలిసి కోటమ్మ తలంటి పోసుకుంది. ఇస్త్రీ చీర కట్టుకుంది. "మంచి ఎండ కాయాలి," అని మాత్రం దండం పెట్టుకుంది.

కాసింది. సాయంత్రం నాలుగింటికి పార్కులో బార్బెక్యూ పొయ్యి మీద పనీరు ముక్కలు మాడుతున్నాయి, రెండు వేలమంది జనం. సరే, రెండు వందలు. ఉదయలక్ష్మి కంచిపట్టు చీర, కింద తెల్ల బూట్లు. కనకరాజు శాలువా కప్పి, క్రీడారత్నమన్నాడు, ఆణిముత్యమన్నాడు. ఆవిడ మైకు అందుకుని మళ్ళీ అదే పాట: "పాపం, ఆ పిల్లల్ని చూసి జాలేసి..."

కోటమ్మ మడతకుర్చీలోంచి లేచి, కుంటుకుంటూ కోర్టు మధ్యకి నడిచింది.

"బావున్నావా వదినా?"

ఉదయలక్ష్మి ఒక్క క్షణం తెల్లబోయింది. వెంటనే సర్దుకుంది. "అయ్యో, కోటమ్మగారూ! మీరిక్కడేనా? కూర్చోండి కూర్చోండి, అసలే మోకాలు బాగోదు."

"ఆ మోకాలి సంగతే చెప్పు వదినా. ఆఖరి నిమిషం ఎలా జరిగిందో చెప్పు, మా మనవరాలు వింటుంది."

"ఎప్పటి మాటలమ్మా అవి! నాకేం గుర్తుంటాయి?"

"నీకు గుర్తు లేకపోతే పోనీ. ఇలా వచ్చి ఎండకి వీపు పెట్టు."

చెయ్యి పట్టుకుని పక్కన నిలబెట్టుకుంది. ఇద్దరి నీడలూ కోర్టు మీద పొడుగ్గా పడ్డాయి. కోటమ్మ నీడ చంకలోని బంతి దించి నేలకి ఒక్కటి కొట్టింది. ఉదయలక్ష్మి నీడ మొదట బొద్దుగా, ముడితో, భుజాన హ్యాండుబ్యాగుతో నిలబడి ఉంది. బంతి రెండోసారి నేలకి తగలగానే దాని నడుం నిటారైంది. మూడోసారికి బ్యాగు జారిపడింది, ముడి ఊడిపడింది, పంతొమ్మిదేళ్ళ పిల్ల చేతులు చాచి అడ్డం నిలబడింది.

ఉదయలక్ష్మి కదలకుండానే ఉంది. చెమటలు మాత్రం శాలువా దాటి కారుతున్నాయి.

జనం పనీరు ముక్కలు నములుతూ చూస్తున్నారు. కోటమ్మ నీడ ఎడమకి వంగి, కుడికి తిరిగి, దాటేసింది. అప్పుడు వెనకనించి ఒక చెయ్యి వచ్చి జడ పట్టుకుంది. గుంజింది. నీడ మోకాలి మీద పడింది. చప్పుడు మన రైల్వేస్టేషను దాకా వినిపించింది. పడ్డ నీడ లేచి, రింగు నీడ నేలమీద ఎక్కడుందో అందులోకి బంతి వేసింది.

ఒక్కసారిగా ఈల!

రిఫరీ పదిహేడేళ్ళ తెల్లపిల్ల. మిగతా పిల్లల ఆటకి ఎలా ఊదిందో దీనికీ అలాగే ఊది, చెయ్యి పైకెత్తి ఉదయలక్ష్మి వైపు చూపించింది. మామూలు ఫౌలు కాదు, కావాలని చేసిన ఫౌలు. బాస్కెట్ మాత్రం లెక్కలోకి వస్తుందంది.

కనకరాజు చేతులు నలుపుకుంటూ వచ్చాడు. "అదీ... నలభై ఐదేళ్ళ కిందటిది కదమ్మా..."

"ఐ సా ఇట్ జస్ట్ నౌ," అంది ఆ పిల్ల. దాని కడుపు చల్లగా! ఒక్క మాటలో తీర్పు చెప్పింది.

లాస్య కోర్టు పక్కన నిలబడి ఉంది. నెమ్మదిగా వచ్చి అమ్మమ్మ కాలు దగ్గర కూచుని, చీర అంచు కాస్త పైకి జరిపి, ఆ మోకాలి మీది మచ్చని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"షి చీటెడ్," అంది. "అండ్ యు స్టిల్ మేడ్ ఇట్."

"మరేమనుకున్నావే!" అంది కోటమ్మ.

ఉదయలక్ష్మి మైకు కింద పడేసి, కారు వైపు గబగబా నడిచింది. నడిచింది గాని ఒంటరిగా నడిచింది. ఆవిడ నీడ వెంట రాలేదు. ఇన్నేళ్ళూ శాలువాల కింద ఉక్కపోసి చచ్చిందేమో, కోటమ్మ నీడ పక్కనే నడుం మీద చేతులేసుకుని నిలబడి ఒగరుస్తోంది. ఇంకో ఆట అంటే సిద్ధమన్నట్టుంది.

కోటమ్మ వదులుతుందా? ఇంటికి తీసుకొచ్చింది. ఆ మర్నాటి నుంచి రోజుకి పద్నాలుగు ఆటలు. పొద్దున ముప్ఫై ఒకటి-ముప్ఫై. మధ్యాహ్నం ముప్ఫై ఒకటి-ముప్ఫై. కోటమ్మ మెట్ల మీద కూచుని చిక్కుడుకాయలు వలుస్తూ, "ఓడు, ఇంకా ఓడు," అనేది. అంత కమ్మగా ఆవిడ నవ్వడం ఈ సందులో ఎవరూ ఎరగరు. సాయంత్రం లాస్య కూడా దిగేది. ఆ నీడ పట్నం విద్యలన్నీ తెలిసిన నీడాయె! మోచేత్తో పొడుస్తుంది, కాలు అడ్డం పెడుతుంది, జడ మీద చెయ్యేస్తుంది. ఒక్కొక్కటే తప్పించుకోవడం లాస్య నేర్చుకుంది. జూన్‌లో మబ్బులు మూసేస్తే గ్యారేజీలో పెద్ద లైటు వేసుకుని నేర్చుకుంది. ఉదయలక్ష్మి ఎవరి చోటు లాక్కుందో వాళ్ళ మనవరాలికి, ఉదయలక్ష్మి నీడే మూడు నెలలు జీతం లేకుండా పని చేసింది!

అక్కడ సిడ్నీలో ఆవిడ పాట్లు వేరు. జయంత్ ఫోను చేసి బతిమాలాడు.

"ఆంటీ, ప్లీజ్ ఆంటీ. అమ్మ ఏ షాపుకెళ్ళినా తలుపు దానంతటది తెరుచుకోవట్లేదు. ఎవరైనా ముందు నడిస్తే వాళ్ళ వెనకాల దూరాలి. ఫోటోల్లో అతికించినట్టు పడుతోంది."

"మరి శాలువాల సంగతేమిటి నాయనా?"

"కప్పితే నిలవట్లేదు ఆంటీ. జారిపోతున్నాయి. ఎవరూ పిలవడం కూడా మానేశారు."

"అయ్యో పాపం," అంది కోటమ్మ. ఆ 'పాపం' పలకడానికే ఇన్నేళ్ళు బతికినట్టు, తీరిగ్గా, సాగదీసి అంది. "నాకు తీరిక లేదు నాయనా. మనవరాలికి సెలెక్షన్లు."

పోయిన వారం ఆ జాబితా వచ్చింది. మన విక్టోరియా రాష్ట్రపు పదహారేళ్ళలోపు ఆడపిల్లల జట్టు. పన్నెండు పేర్లలో నాలుగోది లాస్య. బెంచీ మీది పిల్ల! కోటమ్మ ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకుని ఆ పేరు పదిసార్లు, కాదు, వెయ్యిసార్లు చదివింది. ఆ సాయంత్రం ఆవిడ నీడ బంతి నేలమీద పెట్టి, మెట్టు మీద కోటమ్మ పక్కనే చతికిలబడింది. జడ విప్పుకుంది. మర్నాడు చూస్తే ఉసిరికాయంత ముడి, కాస్త కుంటు. ఇన్నాళ్ళకి దానికీ వయసొచ్చింది. ఇక ఎదుటి నీడతో ఆడేవాళ్ళెవరూ లేరు.

అంచేత పిలిచానే అమ్మాయ్. నువ్వు శుక్రవారం సిడ్నీ వెళ్తున్నావని మీ అత్తగారు చెప్పింది. ఇదిగో, ఈ సంచీ. ఉదయలక్ష్మి నీడ, కోటమ్మ ఎనిమిది మడతలు పెట్టి ఇచ్చింది. చేతిసామానులోనే పెట్టుకో, కింద పెట్టెల్లో వెయ్యకు, నలుగుతుంది. తిన్నగా ఇంటికెళ్ళి ఇవ్వకు. ఆదివారం రౌస్ హిల్ సీనియర్ల మీటింగుట, అక్కడికెళ్ళు. నలుగురూ వింటుండగా మైకులో ముందు ఆవిడ చేత చెప్పించు: ముప్ఫై ఒకటి, ముప్ఫై, రేపల్లె పిల్లలే గెలిచారు, జడ పట్టుకుని గుంజింది నేనే. ఈ మూడు ముక్కలూ సాంతం వచ్చాకే ముడి విప్పు. మధ్యలో జాలి అన్న మాట వినపడిందా, సంచీ చంకన పెట్టుకుని మళ్ళీ విమానం ఎక్కెయ్.

అడుగున బరువేవిటంటావా? నీడకి బరువేవిటే, పిచ్చిదానా! అది కందిపొడి, నేనే పెట్టాను. మూడు నెలలు మన పిల్లకి పని చేసి పెట్టిన మనిషి నీడ, ఉత్తి చేతుల్తో పంపుతామా? కానీ చెబుతున్నా విను, పొడి కూడా స్కోరు చెప్పాకే ఇయ్యి.