మా, మన

పాస్టరుగారికి పిల్లనిచ్చింది మామగారే, ఈ సంఘంలో ఉద్యోగం ఇప్పించిందీ మామగారే. సరిహద్దులో యుద్ధం మొదలయ్యాక ఆదివారం ప్రార్థన కూడా ఆయనే రాసి తెచ్చారు. రాయమని ఎవరూ అడగలేదు. సంఘపెద్దని ఒకరు అడగాలా ఏమిటి?

చర్చి పక్కగదిలో, ఆరేసిన తడి గొడుగుల మధ్య నిలబడి పాస్టరు కాగితం చదివాడు. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాడు.

"'ప్రభువా, మన దేశాన్ని గెలిపించు' అని రాశారు. 'మా దేశం' అనాలండీ."

"ఏం తేడా?"

"నేను మీతో 'మా ఇల్లు' అంటే అది మీది కాదని. 'మన ఇల్లు' అంటే మీకూ వాటా ఉన్నట్టు. దేవుడితో 'మన దేశం' అంటే ఆయన్నీ మన ఓటర్లలో కలిపేసుకున్నట్టే. కింద 'మన శత్రువులు' అని కూడా ఉంది. ఆయనకి శత్రువుల్ని మనం అంటగట్టడమేమిటి? అవతలివాళ్ళూ ఆయన పిల్లలే కదండీ."

"ఒక్క అక్షరం కోసం పెళ్ళాంబిడ్డల్ని రోడ్డున పడేస్తావా, అల్లుడూ?" అన్నారు మామగారు, చాలా మెల్లగా. "వచ్చే నెల కమిటీ కూర్చుంటుంది. నీ సంగతీ తేలుస్తారు. ఆ ఆర్గనత్త సంగతీ తేలుస్తారు."

ఆర్గనత్త అంటే చర్చిలో ఆర్గన్ వాయించే ఆవిడ. పుట్టిల్లు సరిహద్దుకి అవతల. ఇక్కడికి కోడలిగా వచ్చి, ఇక్కడే జుట్టు నెరిసింది. సంఘంలో సగంమంది పెళ్ళిళ్ళకి వాయించింది ఆవిడే. ఆ పుట్టిల్లు మొన్నమొన్నటిదాకా ఎవరికీ గుర్తు కూడా లేదు.

'మా' అనే అనాలని పాస్టరు గట్టిగా అనుకున్నాడు. ఆదివారం వేదిక ఎక్కి చూస్తే ముందు వరసలో మామగారు, ఆయన పక్కన తన భార్య, ఆమె ఒళ్ళో పాప. నోరు తెరిస్తే 'మన' అని వచ్చింది. రావడమేమిటి, తనే అన్నాడు. బతకనేర్చినవాడు. ఒకసారి అనేశాక మిగతాదంతా నల్లేరు మీద బండి నడకే.

"మన శత్రువులను నేలమట్టం చెయ్యి."

"ఆమెన్" అంది సంఘం. అందరికన్నా గట్టిగా ఆర్గన్ దగ్గర్నించి వినిపించింది.

ఆరాధన అయ్యాక అందరితో చేతులు కలుపుతూ గుమ్మంలో నిలబడ్డాడు. ఆర్గనత్త అందరికన్నా చివర వచ్చింది. అతనికి సిగ్గుతో చచ్చినంత పనైంది. క్షమించమనే మాట నోటిదాకా వచ్చింది కూడా.

ఆవిడే ముందు మాట్లాడింది, ఒకసారి వెనక్కి చూసుకుని.

"అయ్యగారూ, నా ఆమెన్ మీ మామగారికి వినబడే ఉంటుందంటారా?"